నీళ్లు లేని రోజు చూసి కొలిచిన నేల

ఏడాదిలో నాలుగు నెలలు మోకాలి లోతు నీళ్లు, మిగతా ఎనిమిది నెలలు పగుళ్లిచ్చిన మట్టి. అలాంటి జాగాను ఏమనాలి? అక్కడ చేపలు పట్టేవాళ్లని అడిగితే నీళ్లంటారు, ప్లాట్లు వేసేవాళ్లని అడిగితే ఖాళీ స్థలమంటారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, చూసిన నెలలు వేరు, అంతే. నగరాల అంచున ఉన్న చిత్తడి నేలలకు పట్టిన గతి చాలావరకు ఈ తేడాలోంచే వచ్చిందని నాకనిపిస్తుంది, ఎందుకంటే కొలతలు తీసేవాళ్లు వచ్చేది నేల ఎండినప్పుడే. వానలో గొడుగేసుకుని స్థలం చూడ్డానికి ఎవరూ రారు.

చిత్తడి నేల అనగానే బురద, దోమలు, కంపు గుర్తొస్తాయి. అసలు నిర్వచనం దానికన్నా చాలా పెద్దది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డునున్న రామ్‌సర్ అనే ఊళ్లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నిలిచిన నీళ్లు, పారే నీళ్లు, మంచినీళ్లు, ఉప్పునీళ్లు, వాటంతట అవే ఏర్పడ్డవి, మనుషులు తవ్వుకున్నవి, ఎప్పుడూ ఉండేవి, కొన్నాళ్లే ఉండేవి అన్నీ ఇందులోకి వస్తాయి. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు ఆరు మీటర్ల లోతు దాటని తీరపు అంచు కూడా వస్తుంది. ఈ వరసలో 'కొన్నాళ్లే ఉండేవి' అన్న మాట దగ్గర కాస్త ఆగండి, మిగతా కథంతా అక్కడే ఉంది.

చిత్తడి నేలకు ఎండిపోవడం జబ్బు కాదు. చాలా రకాల నేలలకు అది ఊపిరి తీసుకోవడం లాంటిది. నీళ్లు దిగాక బయటపడ్డ బురదలోనే తుంగ, రెల్లు లాంటి వాటి గింజలు మొలకెత్తుతాయి. చేపలుండే నీళ్లలో తోకకప్పలు బతికి బట్టకట్టడం కష్టం కాబట్టి, కొన్ని జాతుల కప్పలు ఏరి కోరి ఎండిపోయే గుంటల్లోనే గుడ్లు పెడతాయి. నీళ్లు శుభ్రం కావడంలో కూడా ఈ తడి, పొడి ఆటకి పాత్ర ఉంది. మురుగులోని అమోనియా నైట్రేట్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, ఆ నైట్రేట్‌ను విరగ్గొట్టి మామూలు నైట్రోజన్ వాయువుగా గాల్లోకి వదిలే బాక్టీరియాకు ఆక్సిజన్ లేని బురద కావాలి. రెండు పరిస్థితులూ పక్కపక్కనే, లేదా ఒకదాని తర్వాత ఒకటి దొరికే చోటు చిత్తడి నేల. ఇదే పని చేయడానికి మనం కట్టే మురుగు శుద్ధి ప్లాంట్లలో గాలి కొట్టే ట్యాంకు ఒకటి, గాలి తగలని ట్యాంకు ఒకటి వేరువేరుగా కట్టి, వాటికి రాత్రీ పగలూ కరెంటు పోస్తాం.

అంటే ప్రతి చిత్తడి నేలకీ ఒక నీటి గడియారం ఉంటుంది. నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎంత లోతు నిలుస్తాయి, ఎన్నాళ్లుండి పోతాయి అన్నదే ఆ గడియారం. అక్కడ ఏ మొక్క మొలవాలో, ఏ పక్షి దిగాలో, కింది ఊరికి వరద ఎంత తగ్గాలో అన్నీ దాన్ని బట్టే. నగరం చెడగొట్టేది ఈ గడియారాన్నే, వాతావరణ మార్పు చెడగొట్టేదీ దీన్నే. ఒకటి ఇటు తిప్పితే ఇంకొకటి అటు తిప్పుతుంది.

ఎంత పోయింది అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. రామ్‌సర్ ఒప్పందం తరఫున 2018లో వచ్చిన నివేదిక 1970-2015 మధ్య సుమారు 35 శాతం పోయాయని, అడవులు పోతున్న వేగానికి ఇది మూడు రెట్లని చెప్పింది. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనమేమో తీరాలను వదిలేసి భూభాగం లోపలి చిత్తడి నేలలను మాత్రమే తీసుకుని, 1700 నుంచి లెక్కేసినా పోయింది దాదాపు 21 శాతమేనంది. కొలిచిన నేలలూ వేరు, కాలాలూ వేరు కాబట్టి ఈ రెండిటికీ పోటీ పెట్టకూడదు. పైగా ఆ రెండో అధ్యయనమే యూరప్, అమెరికా, చైనాల్లో నష్టం ప్రపంచ సగటు కంటే ఎంతో ఎక్కువని కూడా చెప్పింది. ఇంకో సంగతి, ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువ చిత్తడి నేలల్ని మింగింది నగరాలు కాదు, సేద్యం. నీళ్లు తోడేసి పొలాలు చేసుకున్నారు. మరి నగరాల గురించే ఇంత గోల దేనికంటే, నగరం మింగేది కొంచెమే అయినా సరిగ్గా లక్షల మంది ఇళ్లకి పక్కన, వాళ్లకి అవసరమైన చోట మింగుతుంది. ఎక్కడో దూరాన వెయ్యి ఎకరాలు పదిలంగా ఉన్నా మీ వీధిలో వరదకి అది అడ్డం రాదు కదా.

మట్టి పోయకుండా చంపడం

లారీలతో మట్టి తెచ్చి పూడ్చేస్తే అందరికీ కనిపిస్తుంది, పేపర్లో వస్తుంది, కోర్టుకెళ్తారు. కనపడకుండా జరిగేది వేరే ఉంది.

పైనున్న నేలంతా కాంక్రీటూ తారూ అయిందనుకోండి. మామూలు పచ్చని నేల మీద పడ్డ వానలో పదో వంతు మాత్రమే పైపైన పారిపోతుంది, మిగతాది ఇంకుతుంది లేదా ఆవిరవుతుంది. నేలలో ముప్పాతిక పైగా కప్పేసిన నగరంలో పారిపోయేది సగం దాటి 55 శాతం దాకా ఉంటుందని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. అంటే ఒకప్పుడు వారం రోజులు మెల్లగా ఊరుతూ వచ్చిన నీళ్లు ఇప్పుడు రెండు గంటల్లో దూసుకొస్తాయి, వచ్చి మట్టి కోసేస్తాయి, రోడ్ల మీది నూనె, టైర్ల పొడి, ప్లాస్టిక్ అన్నీ మోసుకొస్తాయి. ఆ తర్వాత భూమిలోంచి నెమ్మదిగా ఊరాల్సిన నీళ్లు రావు, ఎందుకంటే ఇంకలేదు. అడుగున బోర్లు తోడేస్తుంటే అసలే రావు.

దీనికి పూర్తిగా తలకిందులుది కూడా జరుగుతుంది, నన్నడిగితే ఇదే ఎక్కువ మోసం. ఎండాకాలంలో ఎండిపోవాల్సిన నేలలోకి నగరం ఏడాది పొడవునా మురుగు వదులుతుంది. దూరం నుంచి చూస్తే నీళ్లు నిండుగా, పచ్చగా కళకళ్లాడుతూ ఉంటుంది. ఆ పచ్చదనం గుర్రపుడెక్క. నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా దొరికేసరికి అది నీటి మీద చాప పరిచినట్టు పరుచుకుని, కింద వెలుతురు, గాలి ఆగిపోయి చేపలు చస్తాయి. దోమల బాధ భరించలేకే పూడ్చమంటున్నాం అనేవాళ్లు ఈ దశలోనే బయల్దేరతారు. వాళ్ల బాధ నిజమే, కానీ క్యూలెక్స్ దోమకి ఇష్టమైంది ఈ కదలని మురుగే. చేపలు, తూనీగ పిల్లలు తిరిగే మంచి చిత్తడి నేలలో దాని గుడ్లు పొదిగినా పిల్లలు మిగిలేది తక్కువ.

ఇంకొకటి రోడ్డు. చిత్తడి నేల మధ్యలోంచి గట్టు పోసి రోడ్డు వేసి, కింద రెండు తూములు పెడతారు. ఒక్క గజం కూడా 'ఆక్రమణ' లేదు, కాగితం మీద విస్తీర్ణం తగ్గలేదు. కానీ ఒకవైపు ఎప్పుడూ నీళ్లే, ఇంకోవైపు ఎప్పుడూ ఎండే. ఎండిన వైపు పదేళ్లకి మామూలు నేలలా కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత కొలతలు తీసేవాళ్లొస్తారు.

పైన వేడి పెరిగితే

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఇది పాత భౌతికశాస్త్ర సూత్రమే, ఇందులో వాదన లేదు. దీనికి రెండు ముఖాలు. వాన పడినప్పుడు గాల్లో సరుకు ఎక్కువుంటుంది కాబట్టి దంచి కొడుతుంది. వాన లేనప్పుడు ఆ గాలే దాహంతో నేల మీది తడిని ఎక్కువ పీలుస్తుంది. అందుకే వరదలూ కరువులూ రెండూ పెరుగుతున్నాయి అంటే అది తడబాటు మాట కాదు, ఒకే కారణం రెండు వైపులా పనిచేస్తోంది.

ఇప్పుడు ఈ రెండిటినీ కలిపి చూడండి. వేడి వల్ల చిత్తడి నేల ఎండిపోయి ఉండే రోజులు పెరుగుతాయి. రెండు మూడేళ్లు వరసగా నీళ్లు రాకపోతే అక్కడ నీళ్లుండేవని గుర్తుండేది పెద్దవాళ్లకే. కొత్తగా వచ్చినవాళ్లకి అది మైదానం. ధర తక్కువ, నగరానికి దగ్గర, చదునుగా ఉంది, ఇంకేం కావాలి? కట్టేస్తారు. నాలుగో ఏడో, పదో ఏడో, మునుపటికంటే పెద్ద వాన పడుతుంది. నీళ్లకి పాత అడ్రసు బాగా గుర్తుంటుంది. అంటే వాతావరణ మార్పు ముందు కరువుతో నేలను 'ఖాళీ'గా చూపించి అమ్మిపెడుతుంది, ఆ తర్వాత వరదతో వసూలు చేసుకుంటుంది. నగర విస్తరణ, వాతావరణ మార్పు రెండు వేర్వేరు సమస్యలని విడివిడిగా రాసే నివేదికల్లో నాకు ఎప్పుడూ కనపడకుండా పోయేది ఈ లంకే.

హ్యూస్టన్‌లో జరిగింది దీనికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉన్న ఈ నగరానికి పడమటి వైపు గడ్డి మైదానాల్లో లోతు తక్కువ పల్లాలు బోలెడు, కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు పొడి. నగరం అటే పెరిగింది. అదే వైపున 1940లలో సైన్యపు ఇంజనీర్లు ఆడిక్స్, బార్కర్ అనే రెండు ఆనకట్టలు కట్టారు. ఇవి నీళ్లు నిలవ చేసే జలాశయాలు కావు, వరదొచ్చినప్పుడు మాత్రమే నిండి, మిగతా రోజుల్లో ఎండి ఉండేవి. లోపల పార్కులు, ఆట స్థలాలు ఉండేవి. పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో అంత నేలనూ ప్రభుత్వం కొనలేదు, ఆ మిగిలిన అంచులో కాలనీలు లేచాయి. ఇళ్లు కొన్న చాలామందికి తాము జలాశయం పొట్టలో ఉన్నామని తెలియనే తెలియదు. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చింది, టెక్సస్‌లో ఒకచోట మొత్తం వాన 1,500 మిల్లీమీటర్లు దాటింది, ఆనకట్టల వెనకాల వేల ఇళ్లు మునిగాయి. మనుషుల వల్ల పెరిగిన వేడి ఆ వానను సుమారు 15 శాతం పెంచిందని, అలాంటి వాన పడే అవకాశాన్ని మూడు రెట్లు చేసిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఈ ముంపుకి ప్రభుత్వానిదే బాధ్యత అంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ గడ్డి మైదానాల పల్లాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా హార్వే వానని ఆపగలిగేవి కావు. ఒక ఎకరం చిత్తడి నేల మామూలుగా పట్టేది 10 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. ముందే నిండిపోయిన స్పాంజి మీద ఇంకా పోస్తే జారిపోవడమే. ఏటా వచ్చే వానల్ని, అయిదేళ్లకో పదేళ్లకో వచ్చే వరదల్ని ఇవి బాగా తగ్గిస్తాయి, వందేళ్ల వానని కొంచెమే. చైనాలో కూడా ఇదే తేలింది. వాననీటిని పీల్చుకునే 'స్పాంజి నగరాల' ఆలోచనని యూ కాంగ్‌జియాన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఎన్నో ఏళ్లు ప్రచారం చేశారు, 2015లో ప్రభుత్వం 16 నగరాల్లో ప్రయోగం మొదలెట్టింది. ఆ బాటలోనే బాగా ఖర్చుపెట్టిన జెంగ్‌జౌ నగరంలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడి మెట్రో రైల్లో మనుషులు చనిపోయారు. స్పాంజి పనికిరాదనడానికి దీన్ని చూపిస్తారు, నాకా వాదన నచ్చదు, గొడుగు ఉప్పెనని ఆపలేదని గొడుగు పారేయం కదా. కానీ స్పాంజి ఉంది కాబట్టి పల్లంలో ఎంతైనా కట్టుకోవచ్చు అనుకుంటే మాత్రం ప్రమాదమే.

మురుగు ఎవరు కడుగుతున్నారు

ఉగాండా రాజధాని కంపాలా మురుగు నకివుబో కాలువలో పడి, పెపైరస్ గడ్డి నిండిన ఒక చిత్తడి నేలలోంచి విక్టోరియా సరస్సులోకి వెళ్తుంది. నగరం తాగే నీళ్లు తోడుకునేదీ అదే సరస్సులో, ఆ దగ్గర్లోనే. మధ్యలో ఆ గడ్డి నేల ఉన్నంతకాలం గడిచిపోయింది. దాన్ని ముక్కలు ముక్కలుగా ఆక్రమించి సాగుచేసి, ఇళ్లు, ఫ్యాక్టరీలు కట్టేసరికి నీటి శుద్ధి కష్టమైపోయి ఖర్చు పెరిగింది. చివరికి నగరానికి దూరంగా తూర్పున కటోసి దగ్గర కొత్త ప్లాంటు కట్టి అక్కణ్ణుంచి పైపులేసుకున్నారు. ఉచితంగా జరిగే పనికి బిల్లు రాదు కాబట్టి ఆ పని జరుగుతోందనే ఎవరూ గమనించరు, ఆగిపోయాక కాంట్రాక్టర్ ఇచ్చే బిల్లు మాత్రం కనిపిస్తుంది.

కోల్‌కతా తూర్పున దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. నగరపు మురుగుని లోతు తక్కువ చేపల చెరువుల్లోకి కొలత ప్రకారం వదిలితే, ఎండకి నాచు పెరిగి, ఆ నాచుని చేపలు తిని, బయటికొచ్చే నీళ్లు పొలాలకి పనికొస్తాయి. ఇది చదువుకున్నవాళ్లు కనిపెట్టింది కాదు, అక్కడి మత్స్యకారులు తరాలుగా చేస్తున్నది. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు 1980లలో దీన్ని అర్థం చేసుకుని, రాసి, కాపాడటానికి జీవితమంతా పోరాడారు. 12,500 హెక్టార్ల ఈ ప్రాంతానికి 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అదే చిత్తడి నేలల్లో ఒక భాగాన్ని పూడ్చి సాల్ట్ లేక్ అనే ఉపనగరం కట్టింది మాత్రం అంతకుముందే, 1960లలో. ఇప్పుడు మిగిలిన దానికి గుర్తింపు ఉంది, కానీ పూడిక పెరుగుతోంది, అంచుల్లో భవనాలూ పెరుగుతున్నాయి.

తీరంలో లెక్క ఇంకో రకం. 2006-2018 మధ్య సముద్ర మట్టం ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. మడ అడవులు దీనికి భయపడి ఊరుకోవు. వేళ్ల మధ్య ఒండ్రు పట్టుకుని నేలను తామే పైకి లేపుకుంటాయి, చాలకపోతే తరతరానికీ వెనక్కి, ఒడ్డువైపు జరుగుతాయి. ఏడాదికి 6 మిల్లీమీటర్లు దాటితే మాత్రం ఆ పరుగులో ఓడిపోతాయని పాత భూగర్భ పొరల్ని చదివినవాళ్లు అంటున్నారు. నగరం పక్కన ఉంటే ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుంది. పైన ఆనకట్టలు ఒండ్రుని ఆపేస్తాయి, భూగర్భ జలాలు తోడటం వల్ల నేలే కుంగుతుంది, వెనక్కి జరుగుదామంటే అక్కడ గోడ ఉంటుంది, గోడ వెనక రోడ్డు. ముందు సముద్రం, వెనక కాంక్రీటు, మధ్యలో నలిగి సన్నబడి పోతాయి. 2012లో అమెరికా తూర్పు తీరాన్ని శాండీ తుఫాను కొట్టినప్పుడు తీరపు చిత్తడి నేలల వల్ల తప్పిన నష్టం 62.5 కోట్ల డాలర్లని ఒక అధ్యయనం తేల్చింది. గోడ ఆ పని కొంత చేయగలదు, కానీ గోడ తనంతట తాను పెరగదు.

ఇవి మీథేన్ వదులుతాయి కదా, మరి మంచివెలా అవుతాయి అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. ప్రకృతి సహజంగా వచ్చే మీథేన్‌లో పెద్ద వాటా వీటిదే, వేడి పెరిగితే అది కూడా పెరుగుతుంది. కానీ ఆరబెడితే లాభమా అంటే కాదు. కుళ్లీ కుళ్లని మొక్కల పొరలు వేల ఏళ్లు పేరుకున్న పీట్ నేలలు భూభాగంలో 3 శాతమే అయినా, ప్రపంచంలోని చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ వాటిలో దాగుంది. ఆరితే గాలి తగిలి అదంతా కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది, అంటుకుంటే నెలల తరబడి లోపల్లోపలే కాలుతుంది. ఇక మురుగు నిండిన నీళ్లలో మీథేన్ శుభ్రమైన నీళ్లకంటే ఎక్కువే వస్తుంది. అంటే నేలను పూడ్చక్కర్లేదు, మురుగు ఆపితే కొంత తగ్గుతుంది.

చట్టాలున్నాయి కదా అంటారు. అమెరికా 1989లో 'మొత్తమ్మీద నష్టం ఉండకూడదు' అనే లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడ ఒక ఎకరం పూడిస్తే ఇంకోచోట ఒక ఎకరం తయారుచేయాలి. వినడానికి బాగుంటుంది. ఆ 'ఇంకోచోటు' భూమి చవగ్గా దొరికే చోటే అవుతుంది, అంటే నగరానికి దూరం. లెక్కలో ఎకరాలు సమానం, స్పాంజి మాత్రం జనం నుంచి దూరంగా వెళ్లిపోయింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, నదితోనో సరస్సుతోనో ఉపరితలం మీద ఎడతెగకుండా కలిసి ఉన్న చిత్తడి నేలలకే జాతీయ నీటి చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఎండాకాలంలో తెగిపోయి వానాకాలంలో కలిసేవి సందేహంలో పడ్డాయి, భూమి కింద నుంచి మాత్రమే కలిసేవి ఎటూ కాకుండా పోయాయి. మళ్లీ అదే, నీళ్లు లేని రోజు చూసి కొలవడం.

నెదర్లాండ్స్ వాళ్లు దీన్ని తిరగేశారు. 1993లో, 1995లో నదులు పొంగి, రెండోసారి సుమారు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చాక, గట్లు ఇంకా ఎత్తు పెంచే బదులు 30కి పైగా చోట్ల గట్లని వెనక్కి జరపడం, పక్క కాలువలు తవ్వడం లాంటి పనులతో నదికి జాగా వదిలారు. కొన్నిచోట్ల ఇళ్లు, పొలాలు తీయాల్సి వచ్చింది, పరిహారం ఇచ్చి తీశారు. అంటే ఇది డబ్బు, భూమి, రాజీ కావాల్సిన పని, మొక్కలు నాటి ఫొటో దిగితే అయ్యేది కాదు. కొలంబోలో 2010 నవంబరులో పార్లమెంటు చుట్టూ నీళ్లు చేరాక గానీ మిగిలిన చిత్తడి నేలల్ని వరద నియంత్రణ వ్యవస్థలో భాగంగా చూడటం ఊపందుకోలేదు. 2018లో ప్రపంచంలో మొదటి విడత 'చిత్తడి నేలల నగరం' గుర్తింపు పొందిన 18 నగరాల్లో అది ఒకటి.

ఒక స్థలానికి నీటి గడియారం ఉందో లేదో చూసుకోవడానికి ఇప్పుడు ఒక దారి ఉంది. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం వాళ్లు 1984 నుంచి ఉపగ్రహాలు తీసిన 30 లక్షల ల్యాండ్‌శాట్ చిత్రాల్ని జల్లెడపట్టి, భూమ్మీద ఏ చోట ఎంత కాలం నీళ్లు నిలిచాయో చూపించే మ్యాపు 2016లో విడుదల చేశారు. ఇంటర్నెట్లో ఉచితంగా చూడొచ్చు. ఎప్పుడూ ఉండే నీళ్లు ఒక రంగు, కొన్నాళ్లే ఉండేవి ఇంకో రంగు, ఒకప్పుడు ఉండి పోయినవి మరో రంగు. దానికీ హద్దులున్నాయి. అందులో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం కాబట్టి చిన్న కుంటలు దొరకవు, గడ్డి కింద దాగిన నీళ్లు ఉపగ్రహానికి కనపడవు, 1984కి ముందు పూడ్చేసినవి అసలే ఉండవు. అవి కావాలంటే మాత్రం అక్కడ చేపలు పట్టినవాళ్లనే వెతుక్కుంటూ వెళ్లాలి.